బాడీ గ్రిప్ ట్రాప్‌కి సెట్టర్ ఏది కొనాలి: పొడుగు చేతులదా, చిన్నదా, తాడు సరిపోతుందా?

బాడీ గ్రిప్ ట్రాప్ అంటే జంతువుని రెండు చట్రాల మధ్య నొక్కి వెంటనే చంపే ట్రాప్. దాన్ని కొనేవాళ్లు ట్రాప్ గురించి వారం రోజులు ఆలోచిస్తారు. దాన్ని బిగించి సెట్ చేసే పనిముట్టు, అంటే సెట్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏది చవకైతే అది బుట్టలో పడేస్తారు. నేనూ మొదట్లో అదే చేశాను. పదమూడు పద్నాలుగు అంగుళాల పొట్టి సెట్టర్ ఒకటి తీసుకుని, దానితోనే 330 అనే పెద్ద సైజు ట్రాప్ బిగించడానికి కూర్చున్నాను. స్ప్రింగ్ మూడొంతులు దగ్గరికి వచ్చింది, ఇంకొంచెం నొక్కితే దాన్ని నొక్కినట్టే పట్టి ఉంచే సేఫ్టీ హుక్ పడుతుంది అనగా సెట్టర్ ముక్కు స్ప్రింగ్ రింగులోంచి జారిపోయింది. స్ప్రింగ్ విచ్చుకున్న జోరుకి సెట్టర్ పిడి ఎగిరి కణుపుల మీద తగిలింది. నాలుగు రోజులు ఆ చేత్తో చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాను. చెయ్యి ట్రాప్ లోపల లేకపోవడం అదృష్టం.

అందుకే ఏ రకం మంచిది అనే చర్చకంటే ముందు ఒక్క మాట. సెట్టర్ అంటే ట్రాప్ బిగించే పనిముట్టు అని అందరూ అనుకుంటారు, కానీ అంతకంటే ముందు అది చెయ్యి ఇరుక్కుంటే విడిపించే పనిముట్టు. మీ చెయ్యో, ఎవరి కుక్కో ఇరుక్కున్నప్పుడు అదే గతి. కాబట్టి కొనేటప్పుడు దీనితో ఎంత త్వరగా సెట్ చేయగలను అని కాకుండా, నా ఒక చెయ్యి లోపల ఇరుక్కుంటే మిగిలిన చేత్తో దీన్ని వాడగలనా అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు లేని సెట్టర్ ఎంత తేలికగా, ఎంత అందంగా ఉన్నా నా దృష్టిలో అది సగం పనిముట్టే.

ఇదంతా ట్రాపింగ్ చట్టబద్ధంగా ఉన్న చోట, లైసెన్స్ ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. కెనడాలో, అమెరికాలో రాష్ట్రానికో ప్రావిన్స్‌కో నిబంధనలు వేరుగా ఉంటాయి. ఏ సైజు ట్రాప్ నేల మీద పెట్టొచ్చు, ఏది నీళ్లలోనే పెట్టాలి, ఎన్నాళ్లకోసారి వెళ్లి చూడాలి అన్నీ అక్కడి వన్యప్రాణి శాఖ రాసి ఉంచుతుంది, అవి చదవకుండా ట్రాప్ ముట్టుకోవద్దు. భారతదేశంలో అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అనే మాటలోకే ట్రాప్ పెట్టడం కూడా వస్తుంది, అక్కడ ఈ మాటే ఎత్తక్కర్లేదు.

ముందు ట్రాప్ ఎలా పనిచేస్తుందో కళ్లముందు పెట్టుకోండి, అప్పుడు సెట్టర్ దేనికో తేలిగ్గా అర్థమవుతుంది. కమ్మీతో చేసిన రెండు చదరపు చట్రాలు, పక్కల మధ్యలో కీలుతో కలిపి ఉంటాయి, కత్తెరలా తిరుగుతాయి. పక్కన ఇంగ్లీషు వి ఆకారంలో మందపాటి స్ప్రింగ్, దాని రెండు కొసల్లో రెండు రింగులు, ఆ రింగుల్లోంచి చట్రాల కమ్మీలు వెళ్తాయి. స్ప్రింగ్ విచ్చుకుంటే రింగులు కమ్మీల మీదుగా జారి చట్రాలని ఒకదానికొకటి గట్టిగా బిగించేస్తాయి. సెట్ చేయడం అంటే ఆ రెండు రింగుల్ని మళ్లీ దగ్గరికి తెచ్చి స్ప్రింగ్‌ని నొక్కి ఉంచడం. సెట్టర్ చేసే పని మొత్తం అంతే. కష్టమంతా ఆ నొక్కడంలోనే ఉంది.

ఈ డిజైన్‌ని తయారుచేసింది ఫ్రాంక్ కోనిబేర్ అనే కెనడా ట్రాపర్. అందుకే ఏ కంపెనీ చేసినా చాలామంది వీటిని కోనిబేర్ అనే పిలుస్తారు. కాలు పట్టుకుని జంతువుని గంటల తరబడి నొప్పితో ఉంచే పాత ట్రాప్‌లని చూసి చూసి, వెంటనే చంపేది కావాలని ఆయన ఏళ్ల తరబడి దీనిమీద పనిచేశాడు. 1950ల చివరలో ఇది మార్కెట్లోకి వచ్చింది. సైజుల నంబర్లు కూడా అప్పటినుంచి అలాగే నిలిచిపోయాయి. 110, 120 దాదాపు అయిదు అంగుళాల లోపు, మస్క్‌రాట్, మింక్ లాంటి చిన్న వాటికి. 160 ఆరు అంగుళాలు, 220 ఏడు అంగుళాలు, రకూన్ సైజు జంతువులకి. 330 పది అంగుళాలు, బీవర్‌కీ నీటిపిల్లికీ (ఆటర్). 110కి ఒకటే స్ప్రింగ్, 120 నుంచి పైవాటికి రెండేసి.

స్ప్రింగ్ బలం గురించి ఇక్కడే ఒకటి చెప్పాలి, ఎందుకంటే సెట్టర్ ఎంపిక మొత్తం దానిమీదే ఆధారపడుతుంది. సెట్ చేయడం కష్టంగా ఉందని కొందరు పాత, వదులైన స్ప్రింగులున్న ట్రాప్‌లు వెతుక్కుంటారు. అది చాలా తప్పు. స్ప్రింగ్ బలమే జంతువు త్వరగా స్పృహ కోల్పోయేలా చేస్తుంది. 1997లో కెనడా, యూరోపియన్ యూనియన్ సంతకం చేసిన అంతర్జాతీయ ఒప్పందం ఒకటి ఉంది, మానవీయ ట్రాపింగ్ ప్రమాణాల మీద. చంపే ట్రాప్‌లని పరీక్షించినప్పుడు జంతువు ఎంతసేపట్లో స్పృహ కోల్పోవాలో అందులో జాతినిబట్టి గడువు పెట్టారు, బీవర్‌కి 300 సెకన్లు, మార్టెన్‌కి 120. అది గరిష్ఠ గడువు మాత్రమే, మంచి ట్రాప్ సరైన చోట తగిలితే దానికంటే చాలా ముందే అయిపోవాలి. వదులు స్ప్రింగ్ ఉన్న ట్రాప్ ఆ పని చేయలేదు, అది జంతువుకి నరకం. నీ చేతులకి తేలిక కావాలంటే స్ప్రింగ్ బలం తగ్గించకూడదు, సెట్టర్ పొడవు పెంచాలి.

ఇప్పుడు రకాలు. మార్కెట్లో పేర్లు ఎన్ని ఉన్నా నిజానికి మూడే దారులున్నాయి: పొడుగు చేతుల కత్తెర సెట్టర్, పొట్టి పట్టుకారు లాంటిది, తాడు. చేత్తోనే నొక్కేవాళ్లూ ఉన్నారు. 110 వరకు చాలామంది మోకాళ్ల మీద పెట్టుకుని రెండు చేతులతో నొక్కేస్తారు, అలవాటైన చేతులకి అది కష్టమేమీ కాదు. 220ని కూడా చేత్తో నొక్కి చూపించే బలశాలులు ఉంటారు. చలికి వేళ్లు కొయ్యబారిన రోజున, యాభయ్యో ట్రాప్ దగ్గర ఆ బలం ఉండదు కాబట్టి దాన్ని నేను ఒక పద్ధతిగా లెక్కపెట్టను.

పొడుగు చేతుల సెట్టర్ అంటే రెండు కమ్మీ చేతులు, ముక్కు దగ్గర ఒక కీలు, ముక్కు కొసల్లో రింగులో పట్టేలా వంపో చీలికో ఉంటుంది. పిడులు దగ్గరికి నొక్కితే ముక్కులు దగ్గరికి వస్తాయి. ఇక్కడ తుల సూత్రం చిన్న లెక్క ఒకటి వేసుకుంటే కొనేటప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. కీలు నుంచి పిడి చివరకి ఎంత, కీలు నుంచి ముక్కు కొసకి ఎంత, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 24 అంగుళాల చేయి, 6 అంగుళాల ముక్కు అయితే మీ బలం నాలుగు రెట్లవుతుంది. 14 అంగుళాల చేయి, 5 అంగుళాల ముక్కు అయితే మూడు రెట్లు కూడా రాదు. ఈ తేడా కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది, 330 స్ప్రింగ్ మీద పెడితే మాత్రం ఒకటి సాధ్యం, ఇంకొకటి అసాధ్యం.

అయితే ముక్కు మరీ పొట్టిగా ఉంటే రెట్లు బాగుంటాయి కానీ నోరు చాలదు. ఈ సంగతి చాలామంది చూసుకోరు. పేలిపోయిన, అంటే చట్రాలు మూసుకుపోయిన 330లో స్ప్రింగ్ పూర్తిగా విచ్చుకుని ఉంటుంది, రింగుల మధ్య చాలా ఎడం ఉంటుంది, సెట్టర్ నోరు అంత వెడల్పు తెరుచుకోవాలి, అలా తెరిచినప్పుడు పిడులు మన రెండు చేతులకి అందేంత దూరంలోనే ఉండాలి. కొన్ని సెట్టర్లు నోరు పూర్తిగా తెరిస్తే పిడులు ఈ భుజం నుంచి ఆ భుజం దాకా విడిపోతాయి, అక్కడినుంచి నొక్కడం మొదలుపెట్టడానికే బలం చాలదు. షాపులో చూసే అవకాశం ఉంటే మీ అతిపెద్ద ట్రాప్‌ని వెంట తీసుకెళ్లి దానిమీదే పెట్టి చూడండి. వాళ్లేమైనా అనుకుంటారని మొహమాటపడొద్దు.

ఒంటి చేతి పరీక్ష కూడా అక్కడే చేసుకోండి. చట్రాలు మూసుకునే ఉన్న ట్రాప్‌ని, అంటే పేలిపోయిన స్థితిలో ఉన్నదాన్ని, నేల మీద పెట్టి, సెట్టర్ ఒక పిడిని నేలకో తొడకో మోకాలి కిందో ఆనించి, రెండో పిడిని ఒక్క చేత్తో నొక్కండి. మీ బరువంతా దానిమీద వేయొచ్చు. స్ప్రింగ్ హుక్ పడేంత దూరం వస్తే సరే, రాకపోతే ఆ సెట్టర్ మీకు కాదు. ఇందులో ఎడమ చెయ్యి కుడి చెయ్యి రెండూ విడివిడిగా చూసుకోండి, ఇరుక్కునేది ఏ చెయ్యో మనం ముందు నిర్ణయించలేం కదా. కొన్నిటికి పిడుల మధ్య లాక్ కొక్కెం ఉంటుంది, నొక్కాక పిడులు వాటంతట అవే ఆగి ఉంటాయి, అప్పుడు హుక్ వేయడానికి చెయ్యి ఖాళీ అవుతుంది. రెండు చేతులూ బాగున్నప్పుడు అది అనవసరం అనిపించేది నాకు. ఇప్పుడు లాక్ లేని పొడుగు సెట్టర్‌ని ఎవరికీ చెప్పను.

లోహం విషయానికొస్తే అల్యూమినియం తేలిక, ఉక్కు బరువు. రోజంతా నడుస్తూ ముప్ఫై చోట్ల పెట్టేవాళ్లకి ఆ తేడా సాయంత్రానికి భుజంలో తెలుస్తుంది. కానీ అల్యూమినియం ముక్కులు ఉక్కు రింగులతో రాపిడికి అరిగిపోతాయి, కొస గుండ్రబడుతుంది, ఒకరోజు లోడు మీద జారుతుంది. నా కణుపుల మీద తగిలిన దానికి ముక్కు కొస అరిగి ఉందని తర్వాత చూశాను, రింగులో మంచు కూడా పేరుకుని ఉంది, రెండూ కలిసి దెబ్బతీశాయి. చేతులు అల్యూమినియం, ముక్కులు ఉక్కు అయినవి దొరికితే వాటికే ఓటు. ప్లాస్టిక్ భాగాల మీద భారం పడేలా చేసినవి గడ్డకట్టే చలిలో వద్దు, చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

పొట్టి సెట్టర్ గురించి చెడ్డగానే మాట్లాడుతున్నానని అనుకోవద్దు. 110, 120 మాత్రమే వాడేవాళ్లకి అదే సరైనది. కోటు జేబులో పడుతుంది, ఒక చేత్తో పట్టుకారులా నొక్కుతూ ఇంకో చేత్తో గడియ (తెరిచిన చట్రాలని పట్టి ఉంచేది) పెట్టొచ్చు, ఒడ్డున వంగి కూర్చుని పనిచేసేటప్పుడు పొడుగు చేతులు పొదలకి తగులుతూ ఉండవు. 160 దగ్గర అది మీ పిడికిలి బలాన్ని బట్టి ఉంటుంది. 220 దగ్గర ఆపేయండి. 'ఎలాగోలా పడింది' అనే మాట వినపడితే ఆ పనిముట్టు ఆ సైజుకి కాదని అర్థం.

తాడు మాత్రం రకంగా కాదు, తప్పనిసరిగా చూడండి. పొడుగు సెట్టర్ ఉన్నా సరే ఒంటి మీద తాడు ఉండాల్సిందే. అయిదారు అడుగుల పొడవు, 8 మిల్లీమీటర్ల లావు నైలాన్ తాడు, ఒక కొసన కాలు పట్టేంత ఉచ్చు ముడి. మరీ సన్నని తాడైతే లాగేటప్పుడు అరచేతిలోకి దిగుతుంది, మరీ లావైతే రింగులో రెండోసారి దూరదు. వాడే విధానం ఇలా. తాడు కొసని స్ప్రింగ్ ఒక రింగులోంచి దూర్చి, అవతలి రింగులోంచి తీసి, మళ్లీ మొదటి రింగులోంచి రెండోసారి దూర్చండి, కప్పీ చుట్టినట్టు. కాలు ఉచ్చులో పెట్టి నేలకి తొక్కిపెట్టి, పై కొసని పట్టుకుని నడుము బలంతో పైకి లాగండి. రెండు రింగులూ దగ్గరికి వస్తాయి, హుక్ వేయండి. రెండో స్ప్రింగ్‌కీ ఇదే. పొడుగు సెట్టర్‌తో పోలిస్తే నెమ్మది, తడిస్తే గట్టిపడుతుంది, గడ్డకట్టిన తాడు రింగులో దూర్చడం పెద్ద యాతన. రోజుకి ముప్ఫై ట్రాప్‌లు తాడుతో సెట్ చేయమని ఎవరికీ చెప్పను.

కానీ ఒక చెయ్యి ఇరుక్కున్నప్పుడు తాడుకి మించింది లేదు. కాలు ఒక కొసని పట్టుకుంటుంది, మిగిలిన చెయ్యి లాగుతుంది, కొసని పళ్లతో కూడా పట్టుకోవచ్చు. తాడు లేకపోతే బెల్టు, బూటు లేసు, కుక్క గొలుసు తాడు ఏదైనా సరే, సూత్రం అదే. ఒక్క చేత్తో తాడు దూర్చడం వినడానికి తేలిక, చేస్తే గానీ తెలియదు. నేను నేర్చుకున్నప్పుడు పెద్దాయన ఒకరు నా ఎడమ చెయ్యిని వెనక్కి పెట్టించి, కుడి చేత్తోనే తాడు దూర్చి రెండు స్ప్రింగులూ నొక్కమన్నారు. మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది. తాడు కొస రింగులోకి పోనివ్వకుండా పీచులు పీచులుగా విడిపోయింది, అప్పుడాయన కొసని అగ్గిపుల్లతో కాల్చి మొన తేలేలా నలిపి ఇచ్చారు. ఆ చిన్న పని వల్ల మళ్లీ చేసినప్పుడు సమయం సగానికి సగం తగ్గింది. మీ తాడు కొసలు ఈ రోజే కాల్చి పెట్టుకోండి.

సెట్టర్ ఏదైనా, వాడే వరుస ఒకటే. ట్రాప్‌ని గట్టి నేల మీద పెట్టి, రింగుల్లో మంచు, బురద లేకుండా తుడిచి, సెట్టర్ ముక్కులు రింగులో పూర్తిగా దిగాయో లేదో కంటితో చూశాకే నొక్కడం మొదలుపెట్టండి. ఒక స్ప్రింగ్ నొక్కి దాని సేఫ్టీ హుక్ వేయండి, తర్వాత రెండోది. రెండు హుక్కులూ పడ్డాకే చట్రాలు విప్పి ట్రిగ్గర్ (జంతువు తగిలితే ట్రాప్‌ని పేల్చే తీగ), గడియ పెట్టండి. వెంటనే చట్రాల మీద సేఫ్టీ గ్రిప్పర్ తగిలించండి. ఇది చిన్న క్లిప్పు లాంటిది, గడియ తప్పినా చట్రాలు తిరగకుండా పట్టుకుంటుంది. సెట్టర్ కొనేటప్పుడు దీన్ని కూడా కొనండి, ఇది లేకుండా 220, 330 జోలికి పోవద్దు. తర్వాత ట్రాప్‌ని దాని చోట కదలకుండా నిలబెట్టి, బయటి వైపు నుంచి స్ప్రింగులు పట్టుకుని హుక్కులు ఒక్కొక్కటిగా వదలండి, గ్రిప్పర్ చివర్న తీయండి. చట్రం లోపలి ఖాళీలోకి వేలు పోకూడదు, ఎప్పుడూ. ట్రిగ్గర్ తీగ కొంచెం వంకరగా ఉంది సరిచేద్దాం అనిపిస్తుంది, పుల్లతో సరిచేయండి.

కొన్ని చిన్న ట్రాప్‌లకి సేఫ్టీ హుక్కులు ఉండవు. వాటికి నొక్కిన స్ప్రింగ్‌ని వదలకుండానే గడియ పెట్టాలి, అందుకే వాటికి ఒక చేత్తో పట్టుకోగలిగే పొట్టి సెట్టరే నయం.

సెట్టర్ ఎక్కడ ఉండాలి అనేది ఏది కొనాలి అన్నంత ముఖ్యం. బండిలో ఉన్న సెట్టర్ లేనట్టే. ట్రాప్ 330, చెయ్యి మణికట్టు దగ్గర ఇరుక్కుంది, ట్రాప్ గొలుసు నీళ్లలో కర్రకి కట్టి ఉంది, బండి రెండొందల అడుగుల దూరంలో ఉంది అనుకోండి, ఏం చేస్తారు? అందుకే సెట్టర్ పిడికి రంధ్రం ఉన్నది చూసి, దానికి చిన్న తాడు కట్టి నడుముకో సంచి పట్టీకో తగిలించుకుంటాను, స్ప్రింగ్ నొక్కే పెద్ద తాడుని ఎప్పుడూ కుడి జేబులో కాకుండా మెడలో వేసుకుంటాను, ఏ చేత్తోనైనా అందేలా. పిడులకి నారింజ రంగు వేస్తే ఆకుల్లో, మంచులో కనబడుతుంది. నీళ్లలో పడితే ఉక్కు సెట్టర్ మునిగిపోతుంది, దానికి కూడా పిడికి కట్టిన ఆ చిన్న తాడే గతి.

కుక్కల సంగతి కూడా చెప్పాలి. 220 నేల మీద ఎర డబ్బాలో పెట్టిన చోట కుక్కలు తల దూర్చి చనిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి, అందుకే అమెరికాలో అనేక రాష్ట్రాల్లో ఆ సైజుని నేల మీద పెట్టడం మీద ఆంక్షలున్నాయి. మీరు ట్రాపర్ కాకపోయినా, ట్రాపింగ్ జరిగే అడవిలో కుక్కతో తిరిగేవాళ్లైతే, ఆ ఆరడుగుల తాడు మీ జేబులో కూడా ఉండాలి. చట్రాలని చేతులతో విడదీయాలని చూడొద్దు, అవి రావు, సమయం పోతుంది. బలం అంతా స్ప్రింగులో ఉంది, కాబట్టి ముందు ఒక స్ప్రింగ్ నొక్కి హుక్ వేయండి, వెంటనే రెండోది, అప్పుడు చట్రాలు వాటంతట అవే వదులవుతాయి. నొప్పితో ఉన్న కుక్క సొంత యజమానినైనా కరుస్తుంది, అది గుర్తుంచుకుని చేయండి. ఇంట్లో మూసి ఉన్న ట్రాప్‌లో చుట్టిన టవల్ పెట్టి రెండు స్ప్రింగులూ ఎంతసేపట్లో విప్పగలరో గడియారం పెట్టి చూసుకోండి.

ఏది కొనాలి అని సూటిగా అడిగితే, 330 ఒక్కటైనా వాడేవాళ్లు 24 అంగుళాలకి తక్కువ కాని చేతులు, ఉక్కు ముక్కులు, లాక్ కొక్కెం ఉన్నది తీసుకోండి, బరువు భరించండి. 160, 220 వరకే అయితే 18 నుంచి 20 అంగుళాల మధ్యది సరిపోతుంది, సంచిలో కూడా ఇముడుతుంది, కానీ ఒంటి చేతి పరీక్ష ఆ సైజులో ఇంకా ముఖ్యం, ఎందుకంటే పొడుగు తగ్గేకొద్దీ బరువు ఆనించే వీలు తగ్గుతుంది. 110, 120 వరకే అయితే పొట్టిది. ముగ్గురికీ తాడు, గ్రిప్పర్. డబ్బు ఒకదానికే ఉంది, ఇప్పుడే మొదలుపెడుతున్నాను అంటే చిన్న ట్రాప్‌లతో మొదలుపెట్టి తాడుతో చేయి తిరగనివ్వండి, పెద్ద ట్రాప్ కొనే రోజున దానితోపాటే పెద్ద సెట్టర్ కొనండి, ఒకటి ముందు ఒకటి తర్వాత కాదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటే కీలు దగ్గర వదులు, ముక్కు కొసల గుండ్రం, చేతుల్లో వంపు, ఈ మూడూ చూడండి. ఒకసారి వంగిన అల్యూమినియం చేతిని సరిచేసి వాడొద్దు, అది మళ్లీ అక్కడే విరుగుతుంది. సీజన్ అయ్యాక నేను కీలులో నూనె చుక్క వేసి, ముక్కు కొసల్ని ఆకురాయితో కొంచెం పదును చేసి, తాడు మార్చేస్తాను, పాతది ఎంత బాగున్నా సరే.